ఓటుకు ముందు చెప్పని మాట

జూలై 9

అక్కా,

ఫోన్లో సగం మాటలు మింగేస్తానని, ఇకమీదట ఉత్తరాలే రాయమన్నావు కదా. ఇదిగో, ఏమీ మింగకుండా రాస్తున్నాను. చదవలేక నువ్వే మొత్తుకుంటావు.

సెలవుల్లో మీ శిక్షణ కేంద్రంలో సివిక్స్ టీచర్లందర్నీ కూర్చోబెట్టి, "సభ గురించి పాఠం చెప్పకండి, సభే పెట్టించండి" అన్నావే, ఆ పని చేశాను. తొమ్మిదో తరగతిలో బెంచీలు ఎదురెదురుగా తిప్పించాను. బొంగురు గొంతు పిల్ల ఒకతి ఉంది, ఎప్పుడూ చివర కూర్చుంటుంది. ఆ అమ్మాయిని స్పీకర్‌గా ఎన్నుకున్నారు. ఆవిడ డస్టర్‌తో బల్ల మీద కొట్టి "నిశ్శబ్దం" అంటే సుద్దపొడి లేచి పాలకపక్షం మొత్తం తుమ్మింది.

తీర్మానం ఏమిటో తెలుసా? "ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని గేటు బయట నిలబెడుతున్నారు. ఆలస్యంగా వచ్చిన టీచర్లను కూడా నిలబెట్టాలి." చర్చ జరిగింది, ఓటింగు జరిగింది, వ్యతిరేకంగా ఒక్క చెయ్యీ లేవలేదు. నేను మూల నిలబడి నోరు కుట్టేసుకున్నాను. టీచర్ తన మొగ్గు చూపకూడదని నీ పసుపు అట్ట కరదీపికలో లావు అక్షరాలతో ఉంది కదా. గంట కొట్టాక బయటికి వచ్చి చూస్తే, ఆ తీర్మానాన్ని గుండ్రంగా రాసి స్టాఫ్‌రూమ్ తలుపుకి అంటించేశారు. చింపడానికి నాకు చెయ్యి రాలేదు. వాళ్ళు వేసిన మొదటి ఓటు కదా.

ఈ బడి మొత్తానికి సివిక్స్ టీచర్ని నేనొక్కడినే. ఇలాంటి సంగతి చెప్పుకుని నవ్వుకుందామన్నా నా సబ్జెక్టు మనిషి చుట్టుపక్కల లేడు. అందుకని నీ మీద పడ్డాను. తర్వాత ఏం చెయ్యాలో రాయి. మీ ఆఫీసులో కొత్త పుస్తకాలుంటే పంపు. గది అదే, టైర్ల కొట్టు పైన. రబ్బరు వాసన ఇప్పుడు తెలియడం లేదంటే ముక్కు అలవాటు పడిందనుకోవాలో, పోయిందనుకోవాలో.

నీ శిక్షణలో పాసైన,
తమ్ముడు


జూలై 22

ఒరేయ్ చిన్నోడా,

నీ ఉత్తరం చదివి ఎంత నవ్వానంటే, పక్క గది గుమస్తా వచ్చి బాగానే ఉన్నారా అని అడిగి వెళ్ళాడు. ఇక్కడ మా గదిలో గట్టిగా చదివి వినిపించాను కూడా. తుమ్మిన పాలకపక్షం దగ్గర ఇక నా వల్ల కాలేదు.

బాగా చేశావు. ఆ కాగితం నువ్వు చింపకపోవడం ఇంకా బాగుంది. పెద్దవాళ్ళకి నచ్చినంతసేపే పిల్లల ఓటు చెల్లుతుందంటే ఇక ఆ పాఠం ఎందుకు? నువ్వు అటూ ఇటూ మొగ్గకు. తర్వాతి సభలో, ఆ తీర్మానాన్ని అమలు చెయ్యాల్సింది ఎవరు అనే ప్రశ్న వెయ్యి. అక్కణ్ణుంచి వాళ్ళే అల్లుకుపోతారు.

పుస్తకాలు ప్రస్తుతానికి అచ్చులో లేవు. పని ఒత్తిడి బాగానే ఉంది. మీ బావ పోయాక ఇంటికి తొందరగా వెళ్ళి చేసేదేముంది కనక, ఒత్తిడి ఉంటేనే నయం.

వేళకి తింటున్నావా? నలభై ఏళ్ళొచ్చినా ఇది అడక్కపోతే నాకు ఉత్తరం పూర్తయినట్టుండదు.

అక్క


ఆగస్టు 6

అక్కా,

నవ్వడం అయిపోయింది.

లెక్కల మాస్టారు నాతో మాట్లాడడం మానేశాడు. ఈ ఊళ్ళో నాకున్న స్నేహితుడు ఆయనొక్కడే. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల దగ్గర డబ్బాలు విప్పుకునేవాళ్ళం. ఆయన కూర నేను తినేవాణ్ణి, నా కూర ఆయన తిట్టేవాడు. ఇప్పుడు డబ్బా పట్టుకుని ల్యాబ్‌లోకి వెళ్ళి తింటున్నాడు.

ఆ తీర్మానం పిల్లలు ఎవరి పేరూ చెప్పకుండా రాశారు. కానీ బళ్ళో రోజూ ఆలస్యంగా వచ్చేది ఆయనే. తల్లి మంచం పట్టింది. ఆవిడకి అన్నీ చేసి, పక్కింటావిడ వచ్చేదాకా ఆగి, రెండు బస్సులు మారి వస్తాడు. ఈ సంగతి బళ్ళో నాకొక్కడికే చెప్పాడు. జాలి చూపులు తనకి పడవన్నాడు. తలుపు మీద ఆ కాగితం చూసిన రోజు నా దగ్గరికి వచ్చి, "నువ్వు అక్కడే ఉన్నావుగా" అని ఒక్క మాట అన్నాడు. నేను జవాబు చెప్పేలోగా వెళ్ళిపోయాడు.

మిగతావాళ్ళు ఆయన పక్షం. నేను లోపలికి వెళితే మాటలు ఆగిపోతాయి. నా కుర్చీ మీద ఎవరో జవాబు పత్రాల కట్టలు పెట్టారు. తియ్యమని అడగలేక నేను తరగతి గదిలోనే తింటున్నాను.

హెడ్మాస్టారు సభలన్నీ ఆపేసి సిలబస్ పూర్తి చెయ్యమన్నాడు. ఆయన ముద్ర ఉన్న కాగితానికి తప్ప దేనికీ తలవంచడు. మీ ఆఫీసు నుంచి ఎవరినైనా పంపు అక్కా. ఇది పాఠంలో భాగమే, ఈ టీచర్ సొంత పైత్యం కాదు అని ఒక్కరొచ్చి చెబితే చాలు. శిక్షణ ఇచ్చినప్పుడు అండగా ఉంటామన్నారు కదా మీరు.

తమ్ముడు


ఆగస్టు 29

చిన్నోడా,

ఆలస్యమైంది. ఆఫీసులో మార్పులు జరుగుతున్నాయి. ముద్ర ఉన్న కాగితం ఇప్పట్లో కుదరదు, ఎందుకని అడక్కు. ఒకరిని పంపుతున్నాను. వచ్చే నెల మొదట్లో వస్తారు. వచ్చినప్పుడు నీ పాఠం నువ్వు మామూలుగా చెప్పుకో.

ఓపిక పట్టు. అన్నం మానకు.

అక్క


సెప్టెంబర్ 11

అక్కకి,

నువ్వు పంపిన ఇన్‌స్పెక్టరమ్మ వచ్చింది, చూసింది, వెళ్ళింది.

నేను అడిగింది నా తరఫున మాట్లాడే మనిషిని. నువ్వు పంపింది నన్ను పరీక్షించే మనిషిని. ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. తెల్లజుట్టు, చేతిలో సంచి, కళ్ళద్దాల తాడు. ఆవిణ్ణి చూడగానే హెడ్మాస్టారు కుర్చీ తుడిపించాడు. ఆవిడ కుర్చీ వద్దని వెనక బెంచీలో పిల్లల మధ్య ఇరుక్కుని కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. పుస్తకం తెరిచి గంట కొట్టేదాకా డిక్టేషన్ చెప్పాను. తల కూడా ఎత్తలేదు. పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. అయిపోయాక ఆవిడ దగ్గరికి వచ్చి "బాగుంది నాయనా" అంది. దేన్ని బాగుందందో! నాకు వేరే క్లాసుందని చెప్పి వచ్చేశాను. లేదు. మెట్ల కింద నిలబడ్డాను, ఆవిడ గేటు దాటేదాకా.

ఇప్పుడు స్టాఫ్‌రూమ్‌లో మాట ఏమిటంటే, నేను అక్కకి ఫిర్యాదు చేసి పైనుంచి మనిషిని దింపానట. లెక్కల మాస్టారు విన్నాడు. కాదని చెప్పడానికి వెళితే, ల్యాబ్ తలుపు లోపల గడియ పెట్టి ఉంది.

నేను పాఠం చెప్పలేననుకుంటే ఆ మాట సూటిగా రాసి ఉండాల్సింది. ఇక ఎవరినీ పంపకు. వచ్చే ఏడాదికి సివిక్స్ వదిలేసి భూగోళం ఇమ్మని అడుగుతాను. నదులూ కొండలూ ఎవరి మీదా తీర్మానాలు చెయ్యవు.

ఉంటాను.


అక్టోబర్ 3

చిన్నోడా,

మీ ఉత్తరం అందింది. "మీ" అనే రాయాలి, నువ్వు "అక్కకి" అని మొదలుపెట్టాక.

నిజం చెప్తాను. పంపడానికి నాకు ఆఫీసు లేదు రా. మీ శిక్షణే ఆఖరిది. అది అయ్యీ అవగానే మా విభాగం ఎత్తేశారు. ఒక్కొక్కళ్ళనీ ఒక్కో చోట సర్దారు. నన్ను స్టోరు గదిలో వేశారు. పాత కరదీపికల కట్టలకీ, విరిగిన ప్రొజెక్టరుకీ నేను కాపలా. నీ మొదటి ఉత్తరం చదివి వినిపించానన్నాను చూడు, అది అబద్ధం కాదు. గట్టిగానే చదివాను. వినడానికి బీరువాలున్నాయి.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? నువ్వు "మీ ఆఫీసు, మీ ఆఫీసు" అని రాస్తుంటే, ఒక్కచోటైనా ఆ ఆఫీసు ఇంకా ఉన్నట్టు అనిపించేది.

వచ్చినావిడ ఇన్‌స్పెక్టర్ కాదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా బడి పెద్ద టీచర్. పాఠం చెప్పలేక వరండాలో ఏడుస్తుంటే నన్ను తీసుకొచ్చి మళ్ళీ క్లాసులో నిలబెట్టిన మనిషి. రిటైరై మీ పక్క ఊళ్ళో ఒక్కతే ఉంటోంది. మోకాళ్ళు వంగవు. నా తమ్ముడు ఒంటరిగా ఉన్నాడు, ఒకసారి వెళ్ళి కూర్చోగలరా అని అడిగాను. ఎందుకు, ఏమిటి అనకుండా బస్సెక్కింది. వెళ్ళొచ్చాక నాకు ఫోన్ చేసి అన్నది ఇంతే: "మీవాడు బాగా అలిసిపోయాడమ్మా. పిల్లలు మాత్రం వాడి వంకే చూస్తున్నారు."

నీకు ముందుగా ఆవిడెవరో రాసి ఉండాల్సింది. రాస్తే ఆఫీసు సంగతీ రాయాల్సి వచ్చేది. అదీ నా తెలివి.

భూగోళం అడుగుతావో ఏం అడుగుతావో నీ ఇష్టం. ఉత్తరాలు మాత్రం మానకు.

అక్క


నవంబర్ 8

అక్కా,

నీ ఉత్తరం చదివాక చాలా రోజులు కలం పట్టలేకపోయాను. మొన్న ఆదివారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. అడ్రసు పోస్టాఫీసులో కనుక్కున్నాను. తలుపు తీసి, కళ్ళద్దాలు సర్దుకుని, "రా నాయనా, ఇవాళ క్లాసు లేదా?" అంది. నేల చీలితే బావుణ్ణనిపించింది.

క్షమించమని అడగబోతే అడగనివ్వలేదు. "బడి వాసన చూసి ఎన్నాళ్ళైందో, ఆ వంకన వచ్చాను. నీ పిల్లాడొకడు తన సీసాలో నీళ్ళు నాకిచ్చాడు తెలుసా" అంది. ఇవ్వాల్సినవాణ్ణి మెట్ల కింద ఉన్నాను కదా. టీ పెట్టింది. కప్పు నేనే కడుగుతానంటే, "కడుగు, నాకు వంగడం కష్టం" అని పక్కన నిలబడి కడిగించింది. తర్వాత అడిగింది, ఆ తలుపు మీది కాగితం ఎవరి గురించని. మొత్తం చెప్పాను.

"ఆయన ఎందుకు ఆలస్యమో పిల్లలకి తెలీదు. పిల్లలు ఎందుకు ఉడికిపోయారో ఆయనకి తెలీదు. రెండూ తెలిసినవాడివి నువ్వు" అంది. వస్తుంటే గేటు దాకా రాలేక గుమ్మంలోనే నిలబడి చెయ్యి ఊపింది. వెనక్కి తిరిగి చూస్తే ఇంకా ఊపుతోంది.

మర్నాడు లెక్కల మాస్టారు బస్సు దిగే చోట నిలబడ్డాను. తప్పించుకుపోవడానికి దారి లేక ఆగాడు.

"మీ ఇంటి సంగతి పిల్లలకి చెప్పనా?" అన్నాను.

"నువ్వెందుకు చెప్పడం? చెప్పాల్సినప్పుడు చెప్పలేదుగా" అన్నాడు. కాసేపు నడిచాక, "నేనే చెప్తాను" అన్నాడు.

వచ్చాడు. తరగతి గుమ్మం దాటి లోపలికి రాలేదు. "మా అమ్మ మంచం మీదే ఉంటుంది. ఆవిడకి స్నానం చేయించి, తినిపించి, రెండు బస్సులు మారి వస్తాను. గేటు బయట నిలబెడితే నిలబడతాను" అన్నాడు. అని వెళ్ళిపోయాడు.

అప్పుడు స్పీకర్ పిల్ల లేచింది. "సార్, ఇది మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"మరి ఓటుకి ముందు మాకెందుకు చెప్పలేదు?"

నీ పసుపు పుస్తకం నోరు మూసుకోమంది కాబట్టి అని చెప్పలేకపోయాను అక్కా. ఆ పిల్ల నిలబడే ఉంది. నేనే కూర్చున్నాను.

తమ్ముడు


నవంబర్ 24

చిన్నోడా,

మొగ్గు చూపొద్దన్నాను. తెలిసింది దాచమనలేదు.

ఈ వాక్యం రాసి, నీకు పంపకుండా పక్కన పెట్టుకుని చూశాను. స్టోరులో ఒక కట్ట విప్పి ఆ పేజీ తీసి చదివాను. నీ తప్పు కాదు రా. అక్కడ లావు అక్షరాలతో మొగ్గు చూపవద్దు అని ఉంది. కింద ఇంకేమీ లేదు. ఎవరి మీద నియమం పడుతుందో వాళ్ళ మాట ముందు వినిపించాలి అన్న ముక్క ఎక్కడా లేదు. నేనే రాశాను ఆ పేజీ. ఎంతమంది టీచర్లు దాన్ని పట్టుకెళ్ళి మూల నిలబడి ఉంటారో! వాళ్ళందరికీ ఉత్తరం రాయడానికి నా దగ్గర చిరునామాలు కూడా లేవు. విభాగంతో పాటు అవీ పోయాయి.

లెక్కల మాస్టారి మాట వేరు. అది ఆయన నిన్ను నమ్మి చెప్పిన సంగతి. ఆయన్ని అడక్కుండా చెప్పే హక్కు నీకు లేదు. కానీ ఓటింగుని ఒక రోజు వాయిదా వేసి, ఆయన్ని అడిగి ఉండొచ్చు. ఇది నాకు ఇప్పుడు, బీరువాల మధ్య కూర్చుంటే తట్టింది. పోడియం మీద నిలబడినన్నాళ్ళూ తట్టలేదు.

ఇంకో మాట. నన్ను మళ్ళీ బడికి వేశారు. జనవరి నుంచి, ఆరో తరగతికి సివిక్స్. ఎవరికీ చెప్పలేదు, నవ్వుతారని. ఇన్నేళ్ళు పాఠం ఎలా చెప్పాలో ఊరూరా చెప్పిన దాన్ని, పిల్లల ముందు నిలబడాలంటే భయమేసి బీరువాల ముందు పాఠం అప్పజెప్పుకుంటున్నాను. పాపం ఆ పెద్ద టీచర్ని ఇంత దూరం రమ్మనలేను. మొదటి రోజుకి నువ్వు రాగలవా? మాట్లాడక్కర్లేదు. మనవాడు ఒకడు ఉన్నాడనుకుంటే చాలు.

అక్క


జనవరి 5

అక్కా,

రాలేను. సెలవు అడిగాను, హెడ్మాస్టారు ఇవ్వలేదు. ఇచ్చినా కుదిరేది కాదేమో. చెప్తాను విను.

హెడ్మాస్టారు సభలు వద్దన్నాడు కనక, బెంచీలు తిప్పకుండానే పిల్లలు తీర్మానం మార్చారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు పిల్లలైనా టీచర్లైనా, నిలబెట్టే ముందు కారణం అడగాలని. దానికి వ్యతిరేకంగా కొన్ని చేతులు లేచాయి, నాకు సంతోషమేసింది. పాత కాగితం వాళ్ళే తీసేశారు. తలుపు మీద జిగురు మరక మిగిలింది.

లెక్కల మాస్టారి మొదటి పీరియడ్ ఇప్పుడు నేను తీసుకుంటున్నాను. ఆయన వచ్చేదాకా పిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తాను. నాకు వచ్చిన లెక్కలు అంతవరకే. నేనుగా వెళ్ళి హెడ్మాస్టారిని అడిగి మార్పించుకున్నాను. లెక్కల మాస్టారికి తెలుసు. థాంక్స్ చెప్పలేదు, చెప్పాలని నేను చెయ్యలేదు. అది మానేసి నీ దగ్గరికి వస్తే ఆ రోజు ఆయన గేటు దగ్గర కారణం చెప్పుకోవాలి.

ఇంకా ల్యాబ్‌లోనే తింటున్నాడు. గడియ మాత్రం పెట్టడం లేదు. నేను ఆ తలుపు దాకా వెళ్ళి, ఎందుకో నెట్టలేక తిరిగి వచ్చేస్తున్నాను.

భూగోళం అడగలేదు.

నీకు ధైర్యం చెప్పే అంతవాణ్ణి కాదు. గొంతు ఆరిపోతుంది, నీళ్ళ సీసా పట్టుకెళ్ళు.

తమ్ముడు


జనవరి 17

చిన్నోడా,

నువ్వు రానందుకు ఒక పూట కోపం వచ్చింది. ఎక్కాల సంగతి రెండోసారి చదివాక పోయింది.

మొదటి రోజు అయింది. స్టాఫ్‌రూమ్‌లో ఏ కుర్చీ ఎవరిదో తెలియదు కనక గోడ పక్కన నిలబడ్డాను. ఎవరూ కూర్చోమనలేదు. చెడ్డవాళ్ళు కాదు, ఎవరి పనిలో వాళ్ళున్నారు. శిక్షణల్లో నన్ను చూసినావిడ ఒకతి, "మేడమ్, మీరు ఇక్కడా?" అంది. అవునన్నాను. ఆవిడ నోటుపుస్తకాల కట్ట తీసుకుని క్లాసుకి వెళ్ళిపోయింది.

క్లాసులో పిల్లలు మరీ చిన్నగా ఉన్నారు రా. బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు నేలకి అందడం లేదు. ఎక్కువ మంది ఎటు అంటే అటు నిర్ణయం అనే పాఠం. ఆటల పీరియడ్‌లో ఏ ఆట ఆడాలో చేతులెత్తించాను. గోలగోలగా అయింది. గెలిచినవాళ్ళు ఎగిరారు. నేను బోర్డు మీద మెజారిటీ అని రాసి ఇటు తిరిగేసరికి ముందు బెంచీలో ఒక బుడ్డది చెయ్యెత్తింది.

"టీచర్, ఓడిపోయినవాళ్ళు ఎక్కడికి వెళ్ళిపోతారు?"

అందరూ ఘొల్లుమన్నారు. ఆ పిల్ల నవ్వలేదు. ఓడినవైపు చెయ్యెత్తింది అది ఒక్కతే, నేను చూశాను.

"ఎక్కడికీ వెళ్ళరమ్మా. ఇక్కడే ఉంటారు, మనతోనే" అన్నాను. నా పుస్తకంలో దీనికి ఒక పేరా ఉంది. అది గుర్తు తెచ్చుకుంటున్నాను.

"మరి వాళ్ళతో ఎవరు మాట్లాడతారు?"

గంట కొట్టారు. రేపు చెప్తానన్నాను. ఆ పిల్ల తలూపి కూర్చుంది. నిజంగానే రేపటికి ఎదురుచూసేలా ఉంది.

స్టాఫ్‌రూమ్‌లో గోడ పక్కన నిలబడే ఇది రాస్తున్నాను, కిటికీ గట్టు మీద కాగితం పెట్టుకుని. నీ జవాబు రేపటికి అందదని తెలుసు. అయినా రాయి. నువ్వైతే ఏం చెప్పేవాడివి?

అక్క